డ్యూటీలో గాయపడ్డ ఫైర్ సిబ్బందికి డిజెబిలిటీ పెన్షన్: మొదటి రోజు కాగితం నుంచి మెడికల్ బోర్డు దాకా

డిజెబిలిటీ పెన్షన్ ఫైళ్లు ఎక్కువగా ఆగేది వైకల్యం ఎంత శాతమన్న దగ్గర కాదు. ఆ గాయం డ్యూటీ వల్లే అయిందని చూపించే కాగితం దగ్గర. చెయ్యి వంగడం లేదని ఏ డాక్టరైనా రాసిస్తాడు. అది ఫలానా రాత్రి ఫలానా ఫైర్ కాల్‌లో అయిందని రాయగలిగింది ఆ రోజు అక్కడున్న వాళ్లే. అందుకే ఈ వ్యాసంలో మొదటి వారం పనులకే ఎక్కువ చోటిచ్చాం.

ముందు మీరు ఏ నిబంధనల కిందికి వస్తారో తేల్చుకోండి. విశాఖ నేవల్ డాక్‌యార్డులోనో, శ్రీహరికోట షార్‌లోనో పనిచేసే ఫైర్‌మన్ కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి. ఆయనకు సీసీఎస్ (సెంట్రల్ సివిల్ సర్వీసెస్) పెన్షన్ నిబంధనలతో పాటు, డ్యూటీలో కలిగిన వైకల్యం కోసం ఉన్న సీసీఎస్ ఎక్స్‌ట్రాఆర్డినరీ పెన్షన్ నిబంధనలు కూడా వర్తిస్తాయి. ఎక్స్‌ట్రాఆర్డినరీ నిబంధనల విషయంలో 1939 నుంచి ఉన్నవాటి స్థానంలో ఇప్పుడు 2023 నిబంధనలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ అగ్నిమాపక శాఖల వాళ్లకు 1980 రివైజ్డ్ పెన్షన్ నిబంధనలు, ఫండమెంటల్ రూల్స్ ఆధారం. స్టీల్ ప్లాంటు, ఎయిర్‌పోర్టు అథారిటీ లాంటి ప్రభుత్వ రంగ సంస్థల సొంత ఉద్యోగులకు ఈ రెండూ కాదు, వాళ్ల సంస్థ నిబంధనలు వేరు. లెక్కలు వివరంగా ఉన్నవి కేంద్ర నిబంధనలు కాబట్టి వాటితో మొదలుపెట్టి, రాష్ట్ర సిబ్బందికి తేడా వచ్చే చోట్లు తర్వాత చెప్తాం. గాయమైన రోజు చేయాల్సిన పనులు మాత్రం అందరికీ ఒకటే.

గాయమైన రోజు

ఫైర్ రిపోర్టులో ‘సిబ్బందిలో ఒకరికి స్వల్ప గాయం’ అని ఒక్క ముక్క రాసి వదిలేయడం మామూలే. రెండేళ్ల తర్వాత ఆ ‘స్వల్ప’ అన్న మాటే బోర్డు ముందు మీకు అడ్డం తిరుగుతుంది. రిపోర్టు ఇలా ఉండాలి: ‘రాత్రి 2.40కి వచ్చిన కాల్‌పై హాజరై, మొదటి అంతస్తు కిటికీకి వేసిన నిచ్చెన మీద బ్రాంచి (నీటి గొట్టం చివరి నాజిల్) పట్టుకుని నీళ్లు కొడుతుండగా, గోడ పెళ్ల విరిగిపడి నిచ్చెన జారింది. ఫైర్‌మన్ ఫలానా సుమారు పన్నెండు అడుగుల ఎత్తు నుంచి కుడి మడమ మీద పడ్డాడు. బీఏ సెట్ (శ్వాస పరికరం), హెల్మెట్ వేసుకుని ఉన్నాడు. కింద నిచ్చెన పట్టుకున్నది లీడింగ్ ఫైర్‌మన్ ఫలానా.’ సమయం, చేస్తున్న పని, ప్రమాద కారణం, దెబ్బ తగిలిన భాగం, రక్షణ పరికరాలు, సాక్షి. ఈ ఆరూ అందులో ఉన్నాయి. రక్షణ పరికరాల మాట ఎందుకంటే, నిర్లక్ష్యం వల్ల జరిగిందన్న అభ్యంతరానికి ఆ రోజే జవాబు పడిపోతుంది.

రిపోర్టు రాసేది స్టేషన్ ఆఫీసరే అయినా, కాపీ అడిగి చదువుకునే హక్కు మీకుంది. మంచం మీద ఉంటే ఇంట్లో వాళ్లనో, తోటి సిబ్బందినో పంపండి. తప్పుంటే కొట్టివేతలు వద్దు. అదనపు నివేదిక రాయించి జత చేయించండి. స్టేషన్ డైరీలో టర్నవుట్ (కాల్‌కు బయల్దేరిన) ఎంట్రీ, ఆ రోజు డ్యూటీ రోస్టరు, వాహనం లాగ్ బుక్ పేజీ కూడా ధ్రువీకరించిన కాపీలుగా తీసుకోండి. రిజిస్టర్లు నిండాక పాతవి ఎక్కడికి పోతాయో అందరికీ తెలిసిందే.

ఆస్పత్రిలో జాగ్రత్త పడాల్సింది క్యాజువాల్టీ చీటీ దగ్గర. తోడొచ్చినవాళ్లు కంగారులో ‘పైనుంచి పడ్డాడండీ’ అంటారు, డ్యూటీ డాక్టర్ అదే రాసుకుంటాడు. డిశ్చార్జి సమ్మరీలోకీ అదే ఎక్కుతుంది. బోర్డు ముందు ఒక కాగితం ఫైర్ కాల్ అంటుంది, ఇంకొకటి ఇంట్లో పడ్డట్టు వినిపిస్తుంది. ‘మంటలార్పే డ్యూటీలో నిచ్చెన మీద నుంచి పడి’ అని రాయించండి, మెడికో లీగల్ కేసుగా నమోదు చేయించి ఆ నంబరు దగ్గర పెట్టుకోండి. భవనం కూలినా, సిలిండర్ పేలినా పోలీసు ఎఫ్‌ఐఆర్ ఉంటుంది. అందులో గాయపడిన సిబ్బంది పేరు పడిందో లేదో చూడండి.

పొగ పీల్చిన కేసుల్లో ఒక్క విషయం చాలా తొందరగా చేతులు దాటిపోతుంది. రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ ఎంత చేరిందో చెప్పే కార్బాక్సీహిమోగ్లోబిన్ పరీక్ష ఆలస్యమైతే పనికిరాదు. మామూలు గాలి పీలుస్తుంటే నాలుగైదు గంటల్లో ఆ విలువ సగానికి పడిపోతుంది. ఆక్సిజన్ పెడితే ఇంకా త్వరగా పడిపోతుంది. చికిత్స ఆపమని కాదు, ఆక్సిజన్ పెడుతూనే మొదటి రక్త నమూనా తీయమని అడగాలి. ఆ తర్వాత ఊపిరితిత్తుల సామర్థ్యం చూసే స్పైరోమెట్రీ పరీక్ష కొన్ని వారాలకు ఒకసారి, మళ్లీ ఆరు నెలలకు ఒకసారి చేయించి రిపోర్టులు దాచండి. ఏళ్ల తర్వాత వచ్చిన ఆయాసాన్ని ఆనాటి మంటతో ముడిపెట్టాలంటే ఈ వరసే దారి.

కాలిన గాయాలకు ఫొటోలు తేదీతో సహా ఉండాలి. చర్మం మానాక ముడుచుకుపోయి కీలు బిగుసుకోవడం నెలల మీద బయటపడుతుంది. అందుకే ఫిజియోథెరపీలో మోచెయ్యి, మణికట్టు ఎన్ని డిగ్రీలు వంగుతున్నాయో కొలిచి రాసిన చార్టు, ‘కదలిక తగ్గింది’ అన్న ఒక్క వాక్యం కంటే బోర్డుకు ఎక్కువ పనికొస్తుంది.

సెలవు: ఖాతాలోంచి కోయించుకోకండి

చాలామంది తెలియక ఈఎల్ (ఆర్జిత సెలవు), హాఫ్ పే లీవు (సగం జీతం సెలవు) పెట్టేసుకుంటారు. కేంద్ర ఉద్యోగులకు 2018 సవరణతో పాత హాస్పిటల్ లీవు, స్పెషల్ డిజెబిలిటీ లీవు పోయి, వాటి బదులు పని సంబంధ అనారోగ్యం, గాయాల సెలవు వచ్చింది. ఆఫీసులో దీన్ని డబ్ల్యూఆర్ఐఐఎల్ అంటారు, సీసీఎస్ లీవు నిబంధనల్లో 44వ రూలు. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ పూర్తి జీతభత్యాలు. సివిలియన్ సిబ్బందికి ఆ తర్వాత 6 నెలలు పూర్తి జీతం, ఆపైన 12 నెలలు సగం జీతం. సగం జీతం కాలాన్ని మీ హాఫ్ పే లీవు వాడుకుని పూర్తి జీతంగా మార్చుకోవచ్చు. ఈ సెలవులో ఉన్నప్పుడు కొత్తగా ఈఎల్ జమ కాదు. సీఐఎస్‌ఎఫ్ ఫైర్ వింగ్ లాంటి యూనిఫాం దళాలకు ఈ గడువులు వేరు.

ఈ సెలవు మంజూరు ఉత్తర్వు రేపు మీకు సాక్ష్యంగా కూడా పనికొస్తుంది. డ్యూటీ వల్ల గాయమని ఒప్పుకుంటేనే ఈ సెలవు ఇస్తారు కాబట్టి, పెన్షన్ ఫైల్లో దాని బరువు వేరు. ఇప్పటికే మామూలు సెలవు పెట్టి ఉంటే మార్చమని దరఖాస్తు ఇవ్వండి.

ఉద్యోగంలో ఉండాలా, వెళ్లిపోవాలా

ఇక్కడే ఎక్కువమంది నష్టపోతారు. ‘ఇక ఫైర్ డ్యూటీకి పనికిరావు, కాగితం రాసిచ్చి వెళ్లిపో, పెన్షన్ వస్తుంది’ అని ఎవరో సలహా ఇస్తారు. మంచికే చెప్తారు కూడా. ఏమీ రాసివ్వకండి. రాజీనామా చేస్తే అంతకుముందు చేసిన సర్వీసు మొత్తం పెన్షన్ లెక్కలో లేకుండా పోతుంది. ‘ఆరోగ్య కారణాల వల్ల’ స్వచ్ఛంద విరమణ తీసుకుంటే, డ్యూటీ గాయం వల్ల విరమణ అని తర్వాత నిరూపించుకోవడం కష్టం.

2016 వికలాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ ప్రకారం, సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ఉద్యోగిని తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. పాత పోస్టుకు సరిపోకపోతే అదే పే స్కేలు, అవే సర్వీసు ప్రయోజనాలతో వేరే పోస్టుకు మార్చాలి. అలాంటి పోస్టు లేకపోతే, దొరికేదాకా లేదా పదవీ విరమణ వయసు దాకా సూపర్‌న్యూమరరీ (అదనంగా సృష్టించిన) పోస్టులో ఉంచవచ్చు. ఫైర్ సర్వీసులో కంట్రోల్ రూము, స్టోర్సు, అగ్ని నివారణ తనిఖీల కాగితాల పని, శిక్షణ విభాగం లాంటివి అడగొచ్చు. ఇన్వాలిడ్ పెన్షన్ (ఆరోగ్యం దెబ్బతిని సర్వీసుకు పనికిరాక విరమించినవాళ్లకు ఇచ్చేది) వస్తుంది కదా అన్న సాకుతో ఈ రక్షణ ఎగ్గొట్టకూడదని, కాలు పోయిన ఎస్ఎస్‌బీ జవాను కేసులో సుప్రీంకోర్టు 2003లోనే చెప్పింది. అప్పటికి అమల్లో ఉన్నది 1995 చట్టం, 47వ సెక్షన్. వర్ణాంధత్వం కారణంగా తీసేసిన తెలంగాణ ఆర్టీసీ డ్రైవరుకు ప్రత్యామ్నాయ ఉద్యోగం ఇవ్వాలని 2025 ఆగస్టులో ఇచ్చిన తీర్పు కూడా ఇదే దారిలో ఉంది.

ఒక చిక్కుంది. ఆ చట్టం షెడ్యూలులో 21 రకాల వైకల్యాలున్నాయి. అవయవ లోపం, చూపు, వినికిడి ఉన్నాయి గానీ, పొగతో దెబ్బతిన్న ఊపిరితిత్తులు ఆ జాబితాలో లేవు, గుండె జబ్బు లేదు. ఎముక విరిగినవాడికి 20వ సెక్షన్ బలంగా నిలబడుతుంది. ఆయాసంతో మెట్లెక్కలేని వాడికి అంత తేలిగ్గా నిలబడదు, అలాంటివాళ్లకు పెన్షన్ దారే ముఖ్యం.

ఉద్యోగంలో కొనసాగితే డ్యూటీ గాయానికి ఏమీ రాదనుకోవద్దు. కేంద్ర నిబంధనల్లో డిజెబిలిటీ ఎలిమెంటుకు (వైకల్య శాతాన్ని బట్టి పెన్షన్‌తో నెలనెలా ఇచ్చే భాగం) బదులు ఏకమొత్తంగా పరిహారం ఉంది. వైకల్యాన్ని నిర్ధారించాక సర్వీసులో ఉంచుకున్న ఉద్యోగికి ఇది ఇస్తారు. అయితే అది తీసుకున్నాక రిటైరైనప్పుడు మళ్లీ నెలనెలా ఆ ఎలిమెంటు రాదు. యాభై దాటినవాళ్లు, పిల్లల చదువులయిపోయినవాళ్లు వెళ్లిపోవడమే మేలనుకోవచ్చు. ముప్పై అయిదేళ్ల వాడికి మాత్రం, ప్రమోషన్లు, పే రివిజన్లు ముందున్నాయి కాబట్టి, మార్చిన పోస్టులో ఉండిపోవడమే దాదాపు ఎప్పుడూ లాభం.

మెడికల్ బోర్డు

నేరుగా ఆస్పత్రికి వెళ్లి ఇన్వాలిడేషన్ సర్టిఫికెట్ (సర్వీసుకు పనికిరాడన్న ధ్రువపత్రం) అడిగితే ఇవ్వరు. మీ ఆఫీసు రాసిన లేఖ ఉండాలి. అందులో రికార్డు ప్రకారం వయసు, కేసు చరిత్ర ఉంటాయి. ఆ లేఖలో రెండు ప్రశ్నలూ అడిగారో లేదో చూసుకోండి: ఉద్యోగి సర్వీసుకు శాశ్వతంగా పనికిరాడా అన్నది ఒకటి, వైకల్యం డ్యూటీ వల్ల కలిగిందా లేదా డ్యూటీ వల్ల ముదిరిందా, ఎంత శాతం అన్నది రెండోది. మొదటిదే అడిగితే బోర్డు మొదటిదానికే జవాబిస్తుంది. ఫలితంగా మామూలు ఇన్వాలిడ్ పెన్షన్ మంజూరై, డిజెబిలిటీ ఎలిమెంటు ఊసే ఉండదు. మళ్లీ బోర్డుకు పంపించుకోవడానికి ఏళ్లు పడతాయి.

‘ముదిరింది’ అన్న మాట చిన్నది కాదు. ముందు నుంచీ ఉన్న నడుం నొప్పి, హోస్ పైపు లాగే పనిలో డిస్కు జారేదాకా వచ్చినా అది లెక్కలోకి వస్తుంది. సర్వీసులో చేరినప్పటి మెడికల్ ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కాపీ తీసుకెళ్లండి. చేరినప్పుడు బాగానే ఉన్నాడనడానికి అదే రుజువు.

బోర్డు ‘తేలికపాటి పనికి అర్హుడు’ అని రాయవచ్చు. అదేమీ ఓటమి కాదు, 20వ సెక్షన్ కింద పోస్టు మార్పు అడగడానికి అదే ఆధారం.

సదరం సర్టిఫికెట్ (రాష్ట్రం ఇచ్చే వైకల్య ధ్రువపత్రం), యూడీఐడీ (కేంద్ర వైకల్య గుర్తింపు) కార్డు వేరు, ఈ బోర్డు ప్రొసీడింగ్స్ వేరు. సదరంలో 55 శాతం వచ్చింది కాబట్టి పెన్షన్‌లోనూ అంతే అనుకోకూడదు. 20వ సెక్షన్‌కు, పన్ను మినహాయింపుకు సదరం లేదా యూడీఐడీ కావాలి. డిజెబిలిటీ ఎలిమెంటుకు సర్వీసు మెడికల్ బోర్డు శాతమే లెక్క. రెండూ చేయించుకోండి.

లెక్క ఎలా వేస్తారు

కేంద్ర నిబంధనల్లో డ్యూటీలో ప్రమాదం ‘సి’ కేటగిరీ. ప్రమాదకర వాతావరణంలో ఏళ్ల తరబడి పనిచేయడం వల్ల వచ్చిన జబ్బు ‘బి’ కేటగిరీ. రెండింటికీ సూత్రం ఒకటే. సర్వీస్ ఎలిమెంటు అంటే మామూలు ఇన్వాలిడ్ పెన్షన్ మొత్తం. దాని మీద డిజెబిలిటీ ఎలిమెంటు, 100 శాతం వైకల్యానికి బేసిక్ పేలో 30 శాతం, తక్కువైతే దామాషాలో. విరమణ ఇచ్చి పంపినప్పుడు శాతాన్ని పైకి సవరిస్తారు: 50 కంటే తక్కువైతే 50గా, 50 నుంచి 75 మధ్య 75గా, 76 నుంచి పైన 100గా.

బేసిక్ 40,000 అనుకోండి. సర్వీస్ ఎలిమెంటు 20,000. పూర్తి వైకల్యానికి డిజెబిలిటీ ఎలిమెంటు 12,000 అవుతుంది. బోర్డు 40 శాతం ఇచ్చింది, 50గా లెక్కించి 6,000. మొత్తం 26,000, దాని మీద డీఆర్ (కరువు భృతి). ఆఫీసులో ఎవరైనా 40 శాతానికే వేసి 4,800 రాస్తే నెలకు 1,200 జీవితాంతం పోయినట్టే. లెక్క కాగితం అడిగి మీరే వేసి చూసుకోండి.

పదేళ్ల సర్వీసు లేదని భయపడేవాళ్లకు: కేంద్రంలో 2019 సవరణ తర్వాత ఇన్వాలిడ్ పెన్షన్‌కు పదేళ్ల నిబంధన లేదు. గ్రాట్యుటీ మాత్రం సర్వీసును బట్టే ఉంటుంది. పరిమితి 2024 జనవరి 1 నుంచి 25 లక్షలు. కమ్యుటేషన్ (పెన్షన్‌లో కొంత భాగాన్ని ముందే ఏకమొత్తంగా తీసుకోవడం) 40 శాతం దాకా తీసుకోవచ్చు గానీ, ఇన్వాలిడ్ పెన్షన్ మీద వెళ్లినవాళ్లకు మళ్లీ వైద్య పరీక్ష ఉంటుంది. నూరు శాతం వైకల్యంతో ఎప్పుడూ మనిషి తోడు కావాల్సినవాళ్లు కాన్‌స్టాంట్ అటెండెంట్ అలవెన్సుకు విడిగా దరఖాస్తు చేయాలి, అడగకపోతే అదంతట అది రాదు.

సైనికుల డిజెబిలిటీ పెన్షన్‌కు ఆదాయపు పన్ను లేదు కదా, మనకూ అంతేనా అని అడుగుతుంటారు. డాక్‌యార్డు ఫైర్‌మన్ సివిలియన్, ఆయన పెన్షన్‌కు ఆ మినహాయింపు వర్తించదు. పాత పన్ను విధానంలో ఉంటే వైకల్యానికి 75,000, 80 శాతం, ఆపైన ఉంటే 1,25,000 తగ్గింపు తీసుకోవచ్చు.

2004 జనవరి 1 నుంచి చేరి ఎన్‌పీఎస్ (జాతీయ పెన్షన్ పథకం)లో ఉన్న కేంద్ర ఉద్యోగులకూ ఇదంతా అందుతుంది, ఆప్షన్ మీద. 2021 ఎన్‌పీఎస్ అమలు నిబంధనల్లో 10వ రూలు ప్రకారం, వైకల్యంతో వెళ్లాల్సి వస్తే పాత పెన్షనా, ఎన్‌పీఎస్ నిధా అన్నది ఎంచుకోవచ్చు. పాత పెన్షన్ కోరుకుంటే ప్రభుత్వ వాటా, దాని మీద లాభం ప్రభుత్వానికి వెళ్తాయి, మీ వాటా లాభంతో సహా మీకే వస్తుంది. ఆప్షన్ ఫారం మీ సర్వీసు బుక్‌లో అంటించి ఉందో లేదో, అందులో ఏ గడిలో టిక్కు పడిందో ఈ వారమే చూసుకోండి. చేరిన రోజు పాతిక ఫారాల మధ్య చూడకుండా సంతకం పెట్టినవాళ్లు తక్కువేమీ కాదు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ అగ్నిమాపక శాఖల వాళ్లకు

సెలవు విషయంలో ఇక్కడ పాత స్పెషల్ డిజెబిలిటీ లీవే, ఎఫ్ఆర్ (ఫండమెంటల్ రూల్స్) 83. గరిష్ఠంగా 24 నెలలు, మొదటి నాలుగు నెలలు పూర్తి జీతం, తర్వాత సగం. ఖాతా సెలవులోంచి కోయరు, పెన్షన్‌కు డ్యూటీగానే లెక్క. ఘటన జరిగిన మూడు నెలల్లోపు వైకల్యం బయటపడాలి, ఆలస్యం లేకుండా పై అధికారులకు తెలియజేసి ఉండాలి. ఆ రోజు బాగానే ఉన్నానని ఊరుకుని, నాలుగు నెలలకు నడుం పట్టేసిందని వెళ్తే ఈ గడువే అడ్డు పడుతుంది. కాబట్టి చిన్న దెబ్బయినా రాతపూర్వకంగా ఇవ్వండి.

1980 నిబంధనల్లో ఇన్వాలిడ్ పెన్షన్ 37వ రూలు కింద ఉంది. పెన్షన్‌కు పదేళ్లు కావాలి, అంతకు తక్కువైతే సర్వీస్ గ్రాట్యుటీ. పూర్తి పెన్షన్‌కు 33 ఏళ్లు, అంటే 66 అర్ధ సంవత్సరాలు. 22 ఏళ్ల సర్వీసుతో 60,000 బేసిక్ ఉన్నవాడికి: 60,000లో సగం 30,000, దాన్ని 44తో గుణించి 66తో భాగిస్తే 20,000. డ్యూటీ గాయమైతే ఎక్స్‌ట్రాఆర్డినరీ పెన్షన్ కింద కూడా ప్రతిపాదన పంపమని విడిగా, రాతపూర్వకంగా అడగండి. ఫైలు స్టేషన్ ఆఫీసరు నుంచి జిల్లా ఫైర్ ఆఫీసరు మీదుగా పైకి వెళ్లేటప్పుడు ఈ దరఖాస్తు ఊడిపోకుండా, ప్రతి దశలోనూ ఇన్‌వర్డ్ నంబరు రాసి పెట్టుకోండి.

2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవాళ్లు సీపీఎస్ (కంట్రిబ్యూటరీ పెన్షన్ పథకం) కిందికి వస్తారు. ప్రాన్ ఖాతా (ఈ పథకంలో మీ పేరిట ఉన్న పెన్షన్ ఖాతా)లోంచి డబ్బు తీసే ఫారం మీద సంతకం పెట్టేముందు, ఇన్వాలిడేషన్‌కు వర్తించే ఉత్తర్వుల కాపీని డీడీవో (జీతాల బిల్లులు చేసే అధికారి) దగ్గర తీసుకుని చదవండి. నిధి ఒకసారి డ్రా అయితే వెనక్కి తిప్పడం పెద్ద తలనొప్పి.

మెడికల్ ఇన్వాలిడేషన్ మీద వెళ్లినవారి కుటుంబంలో ఒకరికి కారుణ్య నియామకం అడిగే వీలుంది, అయిదేళ్లకు పైగా సర్వీసు మిగిలి ఉండాలి. అందుకే యాభై అయిదు ఇటూ అటూ ఉన్నవాళ్లు బోర్డు తేదీని వాయిదాల మీద వాయిదాలు వేయించుకుంటే ఈ అవకాశం జారిపోతుంది.

తిరస్కరిస్తే

ముందు తిరస్కరణ కారణం రాతపూర్వకంగా తీసుకోండి. కారణాలు లేకుండా ‘డ్యూటీ వల్ల కాదు’ అని ఒక్క వాక్యంలో తేల్చిన బోర్డు అభిప్రాయం మీద సమీక్ష కోరవచ్చు. ఫైర్ రిపోర్టు, క్యాజువాల్టీ చీటీ, చేరినప్పటి ఫిట్‌నెస్ సర్టిఫికెట్, సెలవు మంజూరు ఉత్తర్వు జత చేయండి. ప్రొసీడింగ్స్ కాపీ ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, మీ సొంత వైద్య రికార్డు మీకు నిరాకరించడానికి ఆధారం దొరకదు.

ఆపైన కేంద్ర ఉద్యోగులకు కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్ హైదరాబాద్ బెంచి, తుది ఉత్తర్వు వచ్చిన ఏడాదిలోపు. వినతిపత్రం ఇచ్చి ఆరు నెలలైనా జవాబు రాకపోతే, అక్కడి నుంచి ఏడాది. వినతి మీద వినతి ఇస్తూ పోతే గడువు పెరుగుతుందనుకోవడం పొరపాటు. రెండు రాష్ట్రాల్లోనూ పాత పరిపాలనా ట్రిబ్యునల్ లేదు కాబట్టి రాష్ట్ర సిబ్బంది హైకోర్టుకే వెళ్లాలి.

మంజూరైతే పీపీఓ (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు) చేతికి రాగానే ఒక్క గీత చూడండి: డిజెబిలిటీ ఎలిమెంటు విడిగా చూపించారా, లేక ‘ఇన్వాలిడ్ పెన్షన్’ అని ఒకే అంకె వేశారా. ఒకే అంకె అయితే బ్యాంకుకు వెళ్లకముందే సవరణకు తిప్పి పంపించండి. తర్వాతి పే రివిజన్‌లో ఈ రెండు భాగాలనూ వేర్వేరుగా సవరిస్తారు. విడిగా రాసి లేని ఎలిమెంటును ఆ రోజు ఎవరూ వెతికి పెట్టరు.